పరదేశమున పలుకుచున్న కాబూలు

ఒక దేశమును లోబఱచుకొనుటకు కోటలను పట్టుకొనిన చాలును. ఒక జాతిని లోబఱచుకొనుటకు దాని గొంతును పట్టుకొనవలయును. కాబూలు పాలకులు ఈ సంగతిని చక్కగ ఎఱిగినవారు. 2021 ఆగస్టు 15వ తేదీన ఆఫ్ఘనిస్తాన రాజధాని తాలిబానుల హస్తగతమైనది మొదలు వారు వెలువరించిన ఉత్తరువులను వరుసగ చదివి చూచినచో, స్త్రీ లోకము కంటబడకుండ చేయుటకై ఎంత క్రమముగ, ఎంత పట్టుదలతో ఒక నిషేధముపై మఱొక నిషేధము పేర్చబడినదో తేటపడును.

ఆ సంవత్సరము సెప్టెంబరులోనే స్త్రీల వ్యవహారముల మంత్రిత్వశాఖ నడచుచుండిన భవనమునుండి స్త్రీలు వెడలగొట్టబడిరి. అచ్చటనే సద్వర్తన ప్రబోధమునకును దుర్వర్తన నివారణమునకును ఏర్పడిన శాఖ ప్రతిష్ఠింపబడెను. 2022 మార్చి 23వ తేదీన మాధ్యమిక పాఠశాలలు తెఱవబడునని నమ్మి పుస్తకములు చంకబెట్టుకొని వచ్చిన బాలికలు ఆ యుదయముననే ఇండ్లకు మరలింపబడిరి. అదే సంవత్సరము డిసెంబరులో విశ్వవిద్యాలయ ద్వారములును, స్వచ్ఛంద సంస్థల యుద్యోగములును వారికి మూయబడెను. 2023 జూలైలో స్త్రీల సౌందర్యశాలలు మూతబడెను. 2024 ఆగస్టులో వెలువడిన శాసనము స్త్రీ కంఠస్వరమునే దాచవలసిన వస్తువుగ నిర్ణయించి, ఆమె బహిరంగముగ పాడుటను, బిగ్గరగ చదువుటను నిషేధించెను. ప్రాణుల రూపములను ప్రచురించుటయు దోషమనెను. 2024 డిసెంబరులో నర్సులకును మంత్రసానులకును శిక్షణమిచ్చు తరగతులు సయితము స్త్రీలకు నిషిద్ధములయ్యెను. ప్రసవవేదన పడు తల్లికి తోడ్పడు విద్యను ఆడుది నేర్వరాదట! ఇంతకు మించిన విపరీతమును ఊహింప శక్యమా?

ఈ శాసనములను, వానికి దన్నుగ నిలిచిన పాత యాచారములను గుదిగ్రుచ్చి చూచినచో, వాని వ్రేటు ముఖ్యముగ మూడింటిపై పడుచున్నది: స్త్రీ ముఖము, స్త్రీ కంఠము, స్త్రీ నామము. చిత్రకారుని పని ముఖమును చూపుట. గాయకుని పని కంఠమును వినిపించుట. కథకుని పని నామమును నిలుపుట. కావున ఆ దేశమున కళ వేఱు, స్త్రీల హక్కు వేఱు అను భేదమే నశించినది. బొమ్మ గీయుటయే హక్కును కోరుట యైనది. పాట పాడుటయే న్యాయస్థానమున మొఱపెట్టుట యైనది. ఈ పనిని స్వదేశమున బహిరంగముగ చేయ వీలులేనందున, ఐరోపా, అమెరికా ఖండముల నగరములకు పోయిన ఆఫ్ఘన్ స్త్రీలు దానిని తలకెత్తుకొనిరి. వీరి కళ కాబూలు వీథులనుండి తరుమబడి విదేశములందు తలదాచుకొన్న ఆఫ్ఘన్ ప్రజాజీవనమే యని మా యభిప్రాయము. దానిని మనము ఎట్లు చూడవలయునో, దాని యెడల మన విధియేమో నిర్ణయించుటకు ముందు ఆ కళాకారిణులు చేసిన పనిని కొంత తెలిసికొనవలయును.

షంసియా హస్సనీ 1988లో టెహరాను నగరమున ఆఫ్ఘన్ తలిదండ్రులకు జన్మించినది. పిమ్మట కాబూలు చేరి, అచ్చటి విశ్వవిద్యాలయమున చిత్రకళను అభ్యసించి, అందే అధ్యాపకురాలయ్యెను. 2010లో ఒక ఆంగ్ల చిత్రకారుడు కాబూలులో నడపిన శిబిరమున గోడలపై రంగులు చిమ్మి చిత్రించు విద్యను ఆమె గ్రహించెను. ప్రదర్శనశాలకు పోవు అలవాటు లేని జనమునకు వీథి గోడయే ప్రదర్శనశాల గదా! యుద్ధపు గాయములు మానని గోడలపై ఆమె చిత్రించిన స్త్రీమూర్తికి కన్నులు మూయబడియుండును. నోరు ఉండనే యుండదు. అయినను పెక్కు చిత్రములందు ఆమె చేత ఒక వాద్యము ఉండును. మాటాడనీయని స్త్రీకి వాద్యమే వాక్కు అని భావము. వీథిలో నిలిచి చిత్రించుటకు తిట్లును బెదిరింపులును అడ్డు వచ్చుటచే కొద్ది నిమిషములలో పని ముగించుకొని పోవలసివచ్చెడిది. అదియు సాధ్యము కానప్పుడు వీథుల ఛాయాచిత్రములపైననే బొమ్మలు వ్రాసి, నా నగరము ఇట్లుండవలయునని ఆమె లోకమునకు చూపెను. 2021లో పాలకులు మారిన పిమ్మట కాబూలు గోడలపై నుండిన పెక్కు చిత్రములు రంగుపూతక్రింద మఱుగుపడెను. ఆమె విదేశమున ఉండి, నోరులేని ఆ స్త్రీనే మఱల మఱల చిత్రించుచున్నది.

ఘోరు ప్రాంతమున 1989లో జన్మించిన కుబ్రా ఖాదెమీ ఎన్నుకొన్న మార్గము వేఱు. 2015లో ఆమె ఒక కమ్మరిచేత లోహకవచమును చేయించి, దుస్తులపై దానిని ధరించి, కాబూలులోని రద్దీ వీథిలో నడచెను. వీథిలో పోవు ఆడువారిపై పురుషులు చేతులు వేయు దుర్వృత్తిని ఆమె చిన్ననాటినుండి అనుభవించినది; ఆ చేతులకు ఇనుమే అడ్డము కావలసి వచ్చినదని చూపుట ఆమె యుద్దేశము. ఆ నడక పది నిమిషములైన సాగలేదు. గుంపు వెంటబడెను, ఱాళ్లు పడెను, బెదిరింపులు మితిమీరుటచే ఆమె దేశము విడిచి ఫ్రాన్సు చేరెను. ఇచ్చట పాఠకులు ఒక సంగతిని గమనింపవలయును. 2015లో కాబూలును ఏలినవారు తాలిబానులు కారు. ఎన్నికలును, రాజ్యాంగమును, విదేశీ సైన్యమును ఉన్న దినములవి. అప్పుడును వీథి ఆమెను సహింపలేదు. కావున ఈ కళాకారిణుల పోరు నేటి పాలకులతో మాత్రమే గాక, వారికి పూర్వమే ఇంటింట వేరూనిన పురుషాహంకారముతో గూడ నని తెలియనగును. పాలకులు మారినంత మాత్రమున ఈ పోరు ముగియదు.

ఇక కంఠమును గూర్చి. 2010లో డాక్టరు అహ్మదు సర్మస్తు కాబూలులో ఆఫ్ఘనిస్తాన జాతీయ సంగీత విద్యాలయమును స్థాపించెను. అందు బాలికలును బాలురును ఒక్కచోట చదివెడివారు. అనాథలకును వీథిబాలలకును చోటు ఉండెడిది. రబాబు, ఘిచకు వంటి స్వదేశ వాద్యములతోపాటు పాశ్చాత్య వాద్యములును, మన సితారు తబలాలును బోధింపబడెడివి. ఆ విద్యాలయమున బాలికలు మాత్రమే యున్న ‘జొహ్రా’ యను వాద్యబృందము ఏర్పడెను; పారశీక సాహిత్యమున సంగీతాధిదేవత యైన శుక్రతార పేరది. 2014 డిసెంబరులో కాబూలులో ఒక ప్రదర్శన జరుగుచుండగ బాంబు ప్రేలి సర్మస్తు తీవ్రముగ గాయపడెను. ఆయన వినికిడికి ముప్పు వాటిల్లెను. అయినను విద్యాలయము మూతబడలేదు. 2017 జనవరిలో జొహ్రా బాలికలు దావోసు సభలో వాయించి ప్రపంచమును ఆశ్చర్యపఱచిరి. 2021లో ఆ విద్యాలయమునకు చెందిన విద్యార్థులు, గురువులు, వారి బంధువులు కలసి 273 మంది దేశము విడిచి, ఆ సంవత్సరాంతమునకు పోర్చుగలు చేరిరి. అచ్చట ఆ విద్యాలయము మఱల ప్రాణము పోసికొనెను. 2023 జూలైలో హెరాతు నగరమున వాద్యములను కుప్పవోసి తగులబెట్టుచుండగ, అవే వాద్యములు పోర్చుగలులో ఆఫ్ఘన్ బాలికల ఒడిలో మ్రోగుచుండెను. జాతి సంపద నిలిచినది ఎవరి చేతులలోనో పాఠకులే నిర్ణయింతురు గాక!

సోనితా అలీజాదె యను బాలిక కథ మఱియొకటి. కుటుంబము ఆమెను కన్యాశుల్కమునకు పెండ్లియాడింప తలపెట్టగ, ఇరానులో కాందిశీకురాలుగ నున్న ఆమె 2014లో ఒక పాటను చిత్రీకరించి లోకమున విడిచెను. అందు ఆమె పెండ్లికూతురు వేషమున, అంగడి సరకునకు వలె నుదుట గీతల గుర్తుతో కనబడును. ఇరానులో స్త్రీ ఒంటిగ పాడుటకే అనుమతి లేదు. ఆ పాటవలన ఆమెకు అమెరికాలో చదువు లభించెను, అమ్మకము తప్పెను. కన్యాశుల్క దురాచారమును ఒకప్పుడు మన తెలుగుదేశము గూడ ఎఱుగును. రంగస్థలముపై దానిని ఎండగట్టిన నాటకము మన సంఘమును ఎంత కదలించెనో చెప్పనక్కఱలేదు. కళ ఏమి చేయగలదని ప్రశ్నించు తెలుగువానికి వేఱొక నిదర్శన మేల?

మూడవది నామము. ఆఫ్ఘనిస్తానమున పెక్కుచోట్ల పరులయెదుట స్త్రీ పేరు పలుకుట అవమానముగ భావింపబడును. శుభలేఖపై పెండ్లికూతురు పేరుండదు. సమాధిపై తల్లి పేరుండదు. ‘నా పేరెక్కడ?’ యని 2017లో ఆఫ్ఘన్ యువతులు లేవదీసిన యుద్యమము ఫలించి, 2020లో బిడ్డల గుర్తింపు పత్రములపై తల్లి పేరు చేర్చుటకు చట్టము సవరింపబడెను. ఆ దినములలోనే రాదా అక్బరు అను కళాకారిణి 2019 మొదలుకొని ఏటేట మార్చి నెలలో, ఆఫ్ఘన్ చరిత్రలోని ధీరవనితల కొక్కొక్కరికి ఒక్కొక్క వస్త్రశిల్పమును నిర్మించి కాబూలులో ప్రదర్శించెను. మఱవబడిన పేళ్లకు ఆమె కట్టిన కోవెల యది. ఆమెయు నేడు ఫ్రాన్సులో ప్రవాసిని. 2019లో జాతీయ చలనచిత్ర సంస్థకు అధ్యక్షత వహించిన ప్రథమ మహిళ సహ్రా కరీమీ, కాబూలు పతనమగు దినములలో ప్రపంచ చిత్రకారులకు బహిరంగలేఖ వ్రాసి, ప్రాణములు దక్కించుకొని వెడలెను. సహ్రా మానీ నిర్మించి 2023లో కాన్ ఉత్సవమున ప్రదర్శించిన ‘బ్రెడ్ అండ్ రోజెస్’ చిత్రము మిక్కిలి గమనింపదగినది. కాబూలు వీథులలో అన్నమునకును, చదువునకును, స్వేచ్ఛకును నినదించిన స్త్రీలు తమ చేతిఫోనులతో తీసి పంపిన దృశ్యములు అందు కూర్పబడినవి. లోపలివారు ప్రాణములొడ్డి చిత్రించిరి. వెలుపలివారు కూర్చి లోకమునకు చూపిరి. 2024 ఆగస్టు శాసనము వెలువడగనే జరిగినదియు ఇదియే. లోపలి స్త్రీలు ముఖములు కప్పుకొని, వెలుపలి స్త్రీలు ముఖములు విప్పి, అందఱును పాడి ఆ పాటలను లోకమున విడిచిరి. ప్రవాసకళకు ప్రాణము ఈ బంధములోనే యున్నది. లోపలినుండి వచ్చు ఊపిరి ఆగినచో వెలుపలి పాట వట్టి జ్ఞాపకమై పోవును.

దీనిపై రెండు ఆక్షేపణలు వినవచ్చుచున్నవి. మొదటిది, ఇదంతయు పాశ్చాత్యులు నేర్పిన విద్య యనియు, ఆఫ్ఘనుల మతమునకును సంప్రదాయమునకును పరకీయ మనియు. ఇది చరిత్ర నెఱుగని మాట. వేయి సంవత్సరములకు పూర్వము బల్ఖు నగరమున పారశీకమున కవిత్వము చెప్పిన రాబియా స్త్రీ. పదునైదవ శతాబ్దమున హెరాతును కళలకు పుట్టినిల్లుగ జేసి, మసీదులను, విద్యాలయమును కట్టించిన గౌహర్షాదు స్త్రీ. మన పల్లెలలో తిరుగలికడను రోకటికడను ఇల్లాండ్రు పాడుకొను పాటలవలె, పష్తూను స్త్రీలు తమ వలపును, వగపును, కోపమును ఇరువదిరెండు అక్షరముల రెండు పాదములలో ఇమిడ్చి చెప్పు ‘లండై’ పాటలను తరతరములుగ పాడుచున్నారు. వానికి కర్త పేరుండదు, కావున శిక్షింపదగిన కర్తయు దొరకడు. 1921లో కాబూలులో మొదటి బాలికా పాఠశాలను నెలకొల్పినది అమానుల్లా రాజు భార్య సొరయా రాణి. తాలిబానుల మొదటి పాలనమున, అనగా 1996 మొదలు 2001 వఱకు, హెరాతు స్త్రీలు ‘బంగారు సూది’ యను కుట్టుపని తరగతుల నెపమున గుమిగూడి, గుడ్డల క్రింద పుస్తకములు దాచుకొని సాహిత్యము చదివిరి. ఆ తరగతులనుండి వచ్చిన కవయిత్రి నాదియా అంజుమను. 2005లో, తాలిబానులు గద్దెపై లేని కాలముననే, ఇంట తగిలిన దెబ్బల పిమ్మట ఆమె నిండు యౌవనమున మరణించెను. ఈ పరంపర అంతయు ఆఫ్ఘను మట్టిలో మొలచినదే. ఏ యూరోపియనుడు వచ్చి వీరికి నేర్పెను?

రెండవ ఆక్షేపణ, తుపాకికి ఎదురుగ కుంచె ఏమి చేయగలదని. కుంచె పాఠశాలను తెఱవలేదు, పాట ఆకలి తీర్చలేదు, ఇది ఒప్పుకొనవలసినదే. 2021 తరువాత ఎన్ని ప్రదర్శనములు జరిగినను కాబూలు బాలికకు ఏడవ తరగతి లభింపలేదు. కాని, కళ నిష్ప్రయోజనమే యైనచో పాలకులు గోడలకు రంగు పూయుటేల? వాద్యములను కాల్చుటేల? పాడు కంఠమునకు భయపడి శాసనము వ్రాయుటేల? శత్రువు దేనిని వెదకి వెదకి నాశనము చేయునో దాని బలము శత్రువే చాటుచున్నాడు. మఱియు, నేరము జరుగునపుడు సాక్షి కావలయును. 2025 జూలై 8వ తేదీన అంతర్జాతీయ నేర న్యాయస్థానము తాలిబానుల సర్వాధినేత హిబతుల్లా అఖుందజాదాపైనను, ప్రధాన న్యాయాధికారి అబ్దుల్ హకీము హక్కానీపైనను స్త్రీ పీడన నేరమునకు నిర్బంధపు వారంటులు జారీచేసెను. ఆ తీర్మానమునకు కారణము చట్టమును సాక్ష్యమును గాని బొమ్మలు గావు. అయినను అట్టి నేరము జరుగుచున్నదని లోకము మఱవకుండ కాపాడు పనిలో ఈ బొమ్మలకు, పాటలకు, చిత్రములకు గల భాగమును కాదనలేము.

ఈ రెండు ఆక్షేపణలకంటె మమ్ము అధికముగ కలతపెట్టునది మఱియొకటి కలదు. పరదేశపు ఆదరము ఈ కళకు విషము కావచ్చును. జాలి త్వరగ పుట్టును, త్వరగ చల్లారును. ఒక సంవత్సరము కాబూలు, మఱుసటి సంవత్సరము మఱియొక నగరము. ప్రదర్శనశాలల వేడుక మారుచుండును. కన్నీటిని మాత్రమే కొనువారికి కన్నీటినే అమ్మవలసి వచ్చునేమో యను భయము ప్రతి ప్రవాస కళాకారిణికిని తప్పదు. అదియుగాక, ఐరోపా చేరినవారు కొందఱే. పాకిస్తానమున వీసాలకై యెదురుచూచుచున్న గాయకులును చిత్రకారులును, 2023 చివఱనుండి అచ్చటి ప్రభుత్వము సాగించిన బహిష్కరణముల వలన, తాము ఏ చెఱనుండి తప్పించుకొని వచ్చిరో దానికే మఱల పంపబడుదుమని గడగడలాడిరి. 2025లో ఇరానునుండియు లక్షలకొలది ఆఫ్ఘనులు వెడలగొట్టబడిరి. చిత్రమును మెచ్చి చిత్రకారిణిని తరుము లోకమును ఏమందుము?

ఇక మన సంగతి. ఆఫ్ఘనిస్తానము మనకు దూరదేశము గాదు. మన సరోదు వాద్యము అచ్చటి రబాబు వంశమున పుట్టినదే. పందొమ్మిదవ శతాబ్దమున అమీరు షేరలీఖాను హిందూస్థానమునుండి రావించిన గాయకుల సంతతివారే కాబూలులోని ఖరాబాతు పేటను సంగీతపు పేటగ జేసిరి. 1915లో మన విప్లవవీరులు తాత్కాలిక భారత ప్రభుత్వమును స్థాపించుకొనుటకు చోటు దొరకినది కాబూలులోనే. 1929లో సింహాసనము కోల్పోయి ప్రవాసమునకు పోవుచు సొరయా రాణి బొంబాయిలో ప్రసవించి, ఆడుబిడ్డకు ‘ఇండియా’ యని పేరు పెట్టెను. దిక్కుతోచని దినమున ఆశ్రయమిచ్చిన దేశముపేరు బిడ్డకు పెట్టుకొన్న ఆ తల్లికి మన మేమి ఋణము తీర్చుకొంటిమి?

2021 ఆగస్టులో మన ప్రభుత్వము అంతకు ముందు ఆఫ్ఘనులకు ఇచ్చిన వీసాలను రద్దుచేసి వేఱొక పద్ధతిని ప్రవేశపెట్టుటచే, చదువు నడుమ స్వదేశమునకు పోయిన విద్యార్థులు పెక్కుమంది మఱల రాలేకపోయిరి. మన హైదరాబాదు విశ్వవిద్యాలయములు గూడ ఆఫ్ఘను విద్యార్థులకు తావిచ్చినవే. కావున ఈ బాధ మనకు తెలియనిది కాదు. 2025 అక్టోబరు 10వ తేదీన తాలిబానుల విదేశాంగమంత్రి ఢిల్లీలో జరపిన పత్రికాగోష్ఠికి స్త్రీ విలేఖరి ఒక్కరును పిలువబడలేదు. ఆ యేర్పాటుతో తమకు సంబంధము లేదని మన ప్రభుత్వము చెప్పెను. దేశమంతట నిరసన చెలరేగగ, రెండు దినములకు మఱల గోష్ఠి జరిగెను. ఈ మాఱు స్త్రీలు ముందువరుసలో కూర్చుండి బాలికల చదువును గూర్చి సూటిగ ప్రశ్నించిరి. ఇందొక పాఠము కలదు. కాబూలులో కదలని ఱాయి, ఢిల్లీలో నాలుగు కంఠములు కలసి పలుకగనే కదలెను. పొరుగుదేశముతో వ్యవహారము వలదని మేము చెప్పము. సరిహద్దులు, వర్తకము, కఱవు సాయము వ్యవహారము లేనిదే నడువవు. కాని, వ్యవహారము పేర మన గడ్డపై స్త్రీని గడపవెలుపల నిలుపు ఆచారము నెలకొనరాదు.

మనము చేయదగిన పనులు చిన్నవి, సాధ్యములైనవి. మన విశ్వవిద్యాలయములు ఆఫ్ఘను బాలికలకు విద్యార్థివేతనములిచ్చి స్థానములు కేటాయించవలయును. వారు వచ్చుటకు ప్రభుత్వము వీసా దారిని తెఱవవలయును. మన సంగీతసభలు ప్రవాసమందున్న ఆ వాద్యబృందములను అతిథులుగ పిలువవలయును. మన రచయితలు ఆఫ్ఘన్ స్త్రీల కథలను, ఆత్మకథలను తెనిగింపవలయును. మన గ్రంథాలయములు వానిని బల్లలపై నుంచవలయును. ఇందు దయాదాక్షిణ్యముల ప్రసక్తి లేదు. వారు యాచకులు గారు. తమ దేశపు సగము గౌరవమును భుజములపై మోయుచు ఊరూర తిరుగుచున్న జాతిప్రతినిధులు. రాయబారికి ఇచ్చు మర్యాదను వారికి ఇచ్చుట మన ధర్మము.

స్వాతంత్ర్యమును కోరి పోరాడిన జాతికి ఒక గురుతర బాధ్యత కలదు: ఇతరుల సంకెళ్ల చప్పుడు విన్నప్పుడు, అది వారి ఇంటి సంగతి యని చెవులు మూసికొనరాదు. కాబూలు బాలిక పుస్తకము చేతబట్టి తన బడికి తాను నడచిపోవు దినము రాకమానదు. ఆ దినమువఱకు ఆమె ముఖమును చిత్రించుచు, ఆమె కంఠమును వినిపించుచు, ఆమె పేరును పలుకుచున్న యీ ప్రవాసినులకు మన వాకిళ్లు తెఱచియుండుగాక!